ఒకే రక్తపరీక్షలో గ్రాము నుంచి పికోగ్రాము దాకా: లెక్క తప్పకుండా మార్చుకోవడం

పోయిన నెల మా వీధి పిన్నిగారు రెండు రిపోర్టులు పట్టుకుని ఇంటికొచ్చారు. మార్చిలో చేయించిన దాంట్లో టీ3 అనే థైరాయిడ్ హార్మోన్ 1.2 అని ఉంది. ఇప్పుడు వేరే ల్యాబ్‌లో చేయిస్తే 118 వచ్చింది. "వంద రెట్లు పెరిగిందమ్మా, రాత్రంతా నిద్రపట్టలేదు" అన్నారు. నిజానికి పెరిగిందేమీ లేదు. మొదటి ల్యాబ్ మిల్లీలీటరుకి ఎన్ని నానోగ్రాములో చెప్పింది, రెండోది డెసిలీటరుకి ఎన్నో చెప్పింది. డెసిలీటరంటే 100 మిల్లీలీటర్లు. 1.2ని 100తో గుణిస్తే 120. ఇప్పుడొచ్చింది 118. అంతే తేడా.

ఖమ్మంలో 19 ఏళ్లుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. రిపోర్టు చేతికి రాగానే అందరి చూపూ అంకె మీదే పడుతుంది. ముందు చూడాల్సింది దాని పక్కన సన్నటి అక్షరాల్లో ఉండే యూనిట్‌ని. హిమోగ్లోబిన్ గ్రాముల్లో ఉంటుంది, క్రియాటినిన్ మిల్లీగ్రాముల్లో, ఇంకో థైరాయిడ్ హార్మోన్ టీ4 మైక్రోగ్రాముల్లో, ఫెరిటిన్ నానోగ్రాముల్లో, బీ12 పికోగ్రాముల్లో. ఐదు మెట్లూ ఒక్క మనిషి రక్తంలోనే కనిపిస్తాయి.

గ్రాము పై మెట్టు, పికోగ్రాము అడుగు మెట్టు అనుకోండి. మెట్టు మెట్టుకీ మధ్య తేడా వెయ్యి. దిగితే వెయ్యితో గుణించాలి, ఎక్కితే వెయ్యితో భాగించాలి. మా దగ్గర పని నేర్చుకునే పిల్లలు ఇక్కడే తడబడతారు: చిన్న యూనిట్‌లోకి వెళ్తున్నాం కదా అని అంకెని కూడా చిన్నది చేసేస్తారు. వాళ్లకి చిల్లర సంగతి గుర్తుచేస్తాను. 500 నోటు ఇచ్చి పదులు తీసుకుంటే 50 కాగితాలు చేతికొస్తాయి. నోటు చిన్నదయ్యే కొద్దీ కాగితాలు పెరుగుతాయి.

మన లెక్కలో చెప్పుకుంటే ఒక గ్రాము అంటే వెయ్యి మిల్లీగ్రాములు, పది లక్షల మైక్రోగ్రాములు, వంద కోట్ల నానోగ్రాములు, లక్ష కోట్ల పికోగ్రాములు. ఇంకా కింద ఫెమ్టోగ్రాములున్నాయి, వెయ్యి కలిస్తే ఒక పికోగ్రాము. ఇంట్లో వాటితో పని పడదు.

లక్షలు, కోట్లు నోటితో చెప్పుకోవడానికి హాయిగా ఉంటాయి గానీ, కాగితం మీద కామాలతో జాగ్రత్త. మనం 12,50,000 అని రాస్తాం. వెయ్యి దాటాక మన కామా రెండేసి అంకెలకి పడుతుంది, ఈ మెట్లేమో మూడేసి అంకెలవి. కామాని మెట్టు అనుకుని పాయింటు జరిపితే లెక్క పది రెట్లు తప్పుతుంది. అందుకే కామాలు తీసేసి 1250000 అని రాసుకుని, కుడి నుంచి మూడేసి అంకెలు లెక్కపెట్టండి. 1250000 పికోగ్రాములంటే 1250 నానోగ్రాములు, అంటే 1.25 మైక్రోగ్రాములు.

మందుల దగ్గర ఈ తప్పు ప్రాణం మీదకి తెస్తుంది. మా అత్తగారికి థైరాయిడ్ మాత్ర 0.05 మిల్లీగ్రాములని చీటీ మీద ఉంది, స్ట్రిప్ మీదేమో 50 మైక్రోగ్రాములని. వేరే మందు ఇచ్చారనుకుని ఆవిడ రెండు రోజులు వేసుకోలేదు. 0.05ని వెయ్యితో గుణించి చూపించాకే నమ్మారు. మైక్రోకి వాడే 'మ్యూ' గుర్తు చేతిరాతలో ఒక్కోసారి 'ఎం'లా కనిపిస్తుంది, అప్పుడు మోతాదు వెయ్యి రెట్లు మారిపోతుంది. రాసేటప్పుడు మైక్రోగ్రాము అని పూర్తిగా రాయండి. పాయింటు ముందు సున్నా తప్పకుండా పెట్టండి: '.5' అని రాస్తే చుక్క కనిపించక 5 అని చదివేస్తారు. 5 అని రాయాల్సిన చోట 5.0 వద్దు, అది 50 అయి కూర్చుంటుంది.

వారానికొకటి వేసుకోమనే డి విటమిన్ మాత్ర మీద 60,000 యూనిట్లని చూసి భయపడేవాళ్లున్నారు. ఈ యూనిట్లు బరువు కాదు, ఒక్కో పదార్థానికి ఒక్కో లెక్క. డి విటమిన్‌కి 40 యూనిట్లు ఒక మైక్రోగ్రాము. 60,000ని 40తో భాగిస్తే 1500 మైక్రోగ్రాములు, అంటే 1.5 మిల్లీగ్రాములు.

నాకు ఇప్పటికీ అబ్బురంగా అనిపించేది బీ12. మిల్లీలీటరుకి 300 పికోగ్రాములు అని వచ్చిందనుకోండి. రక్తంలో ప్లాస్మా, అంటే కణాలు తీసేస్తే మిగిలే ద్రవం, సుమారు మూడు లీటర్లు, అంటే 3000 మిల్లీలీటర్లు. గుణిస్తే 900000 పికోగ్రాములు. రెండు మెట్లెక్కితే 0.9 మైక్రోగ్రాము. ఒంట్లో తిరిగే రక్తంలో ఒక్క మైక్రోగ్రాము కూడా లేదు! మరి మాత్ర 1500 మైక్రోగ్రాములెందుకంటే, అంత పెద్ద మోతాదులో పేగు పీల్చుకునేది నూటికి ఒక వంతు దగ్గరే. అసలు నిల్వ ఎక్కువగా కాలేయంలో ఉంటుంది.

చేయి తిరగడానికి మీ సీబీపీ (రక్తకణాల పరీక్ష) షీటే చాలు. హిమోగ్లోబిన్ డెసిలీటరుకి 12 గ్రాములు, ఎర్రకణాలు మైక్రోలీటరుకి 40 లక్షలు అనుకుందాం. డెసిలీటరుకి లక్ష మైక్రోలీటర్లు, కాబట్టి అందులో కణాలు 40 వేల కోట్లు. 12 గ్రాములంటే 12 లక్షల కోట్ల పికోగ్రాములు. పంచితే కణానికి 30 పికోగ్రాముల హిమోగ్లోబిన్. ఇప్పుడు మీ అంకెలతో వేసి, అదే షీటులో ఎంసీహెచ్ అన్న వరుస చూడండి. ఆ అంకె అక్కడ ఉంటుంది.