స్క్రిప్టు ఆగకుండా నడవాలంటే పీఎం2ను ఎలా వాడాలి?

సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరంలోని కంప్యూటర్‌ను భద్రంగా వాడుకునే పద్ధతి) ద్వారా లాగిన్ అయి, స్క్రిప్టు మొదలుపెట్టి, టెర్మినల్ మూసేస్తే చాలా సందర్భాల్లో ఆ స్క్రిప్టు కూడా అక్కడితో ఆగిపోతుంది. టెర్మినల్ తెగిపోగానే దాని కింద నడిచే ప్రోగ్రాములకు ‘సిగ్‌హప్’ అనే సంకేతం అందడమే ఇందుకు కారణం. నోహప్ కమాండుతో నడిపితే ఆ సంకేతం నుంచి తప్పించుకోవచ్చు గానీ, స్క్రిప్టు తనలోని లోపం వల్ల పడిపోతే మళ్లీ లేపే నాథుడు ఉండడు. ఆ బాధ్యత తీసుకునే సాధనాల్లో పీఎం2 నేర్చుకోవడానికి తేలికైనదని నా అభిప్రాయం.

ముందుగా జావాస్క్రిప్టును బ్రౌజర్ బయట నడిపే నోడ్ జేఎస్ ఉండాలి. ఆపై దాని ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ఎన్‌పీఎంతో పీఎం2ను గ్లోబల్‌గా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ఇది జావాస్క్రిప్టుతో పాటు పైథాన్, షెల్ స్క్రిప్టులనూ నడుపుతుంది. పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ వాడేవారు అందులోని పైథాన్ ఫైలుకు పూర్తి పాత్‌ను ‘ఇంటర్‌ప్రెటర్’ ఆప్షన్‌లో ఇవ్వాలి. లేకపోతే లైబ్రరీలు దొరకక స్క్రిప్టు మొదటి వరుసల్లోనే ఆగిపోతుంది.

ఇప్పుడు ‘పీఎం2 స్టార్ట్’ అని టైప్ చేసి, ఫైలు పేరునూ, ‘నేమ్’ ఆప్షన్‌తో గుర్తుండే ఒక పేరునూ ఇవ్వండి. తర్వాత ‘పీఎం2 లిస్ట్’ ఇస్తే ఒక పట్టిక కనిపిస్తుంది. స్టేటస్ గడిలో ఆకుపచ్చగా ‘ఆన్‌లైన్’ అని ఉందని తృప్తిపడి వదిలేయకండి. దాని పక్కనే గుండ్రటి బాణం గుర్తు కింద ఒక అంకె ఉంటుంది: స్క్రిప్టు ఎన్నిసార్లు పడి లేచిందో అదే చెబుతుంది. నిమిషం తర్వాత మళ్లీ చూసినప్పుడు ఆ అంకె పెరిగి ఉంటే, స్క్రిప్టు నడవడం లేదు, పదే పదే కూలిపోతోందని అర్థం. మొదలైన సెకను లోపే వరుసగా పడిపోతుంటే, మామూలు సెట్టింగుల్లో 16 ప్రయత్నాల తర్వాత పీఎం2 చేతులెత్తేసి స్టేటస్‌ను ‘ఎర్రర్డ్’గా మారుస్తుంది. అప్పుడు స్క్రిప్టు సందేశాలు, లోపాలు నమోదయ్యే ‘పీఎం2 లాగ్స్’ తెరిచి కారణం వెతకాలి. కారణం సరిచేయకుండా రీస్టార్ట్‌లు పెంచుకుంటూ పోతే ఫలితం ఉండదు.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నేనూ మొదట్లో అలాగే ఆగి, సర్వర్ రీబూట్ అయిన రాత్రి నుంచి ఏ పనీ జరగలేదని మర్నాడు తెలుసుకున్నాను. రీబూట్ తర్వాత కూడా స్క్రిప్టు లేవాలంటే ‘పీఎం2 స్టార్టప్’ ఇవ్వాలి. అది సాధారణంగా సుడోతో (అడ్మిన్ హక్కులతో నడిపే కమాండు) మొదలయ్యే పొడవైన ఒక కమాండును తెరపై చూపిస్తుంది. దాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసి నడిపితేనే ఏర్పాటు పూర్తవుతుంది. ఆపై ‘పీఎం2 సేవ్’ ఇస్తే అప్పటి జాబితా భద్రమవుతుంది. కొత్త స్క్రిప్టు చేర్చినా, పాతది తీసేసినా మళ్లీ సేవ్ చేయాలి. వీలున్న సమయంలో సర్వర్‌ను మీరే ఒకసారి రీబూట్ చేసి, జాబితా చూసుకోండి.

లాగ్ ఫైళ్లు వాటంతటవే తగ్గవు కాబట్టి ‘పీఎం2 లాగ్‌రొటేట్’ అనే, పాత లాగ్‌లను తొలగిస్తూ ఉండే మాడ్యూల్ కూడా చేర్చుకోవడం మంచిది.

పని ముగించుకుని సజావుగా బయటికొచ్చిన స్క్రిప్టును కూడా పీఎం2 మళ్లీ మొదలుపెడుతుంది. రోజుకొకసారి నడిచి ముగిసే మెయిల్ స్క్రిప్టును ఇలా అప్పగిస్తే అదే మెయిల్ వరుసగా వెళ్తూనే ఉంటుంది. అలాంటి పనులను, నిర్ణీత వేళకు స్క్రిప్టులను నడిపే క్రాన్‌కు అప్పగించండి.