పాతకాలపు పోత ఇనుము జంతువుల కేకు అచ్చులు సేకరించడం ఎలా?

ఓహాయోకి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం పాత సామాన్ల సంతకి వెళ్తే, తుప్పు పట్టిన పెనాల కుప్ప కింద రెండు ముక్కల ఇనుప అచ్చు కనిపించింది. తెరిచి చూస్తే లోపల పడుకున్న గొర్రెపిల్ల, ఒంటి మీద ఉన్ని చుట్టలు చుట్టలుగా, ముడుచుకున్న కాళ్ళు. మా అమ్మమ్మ దగ్గర సారెలోకి పంచదార చిలకలు పోసే చెక్క అచ్చు ఉండేది, ఇదీ అదే పద్ధతి, కాకపోతే ఇనుము, పాకం బదులు కేకు పిండి. ఆ రోజు మొదలైంది నా సేకరణ. ఈ పదేళ్ళలో నేర్చుకున్నది కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ఈస్టర్ పండక్కి గొర్రెపిల్ల ఆకారంలో కేకు చేసుకోవడం జర్మన్లకీ పోలిష్ వాళ్ళకీ ఎప్పటినుంచో ఉన్న ఆచారం. ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతంలో ఇప్పటికీ మట్టి అచ్చుల్లో చేస్తారు. ఆ దేశాల జనం అమెరికా వలస వచ్చినప్పుడు ఆచారమూ వచ్చింది, ఇక్కడి ఇనుప ఫౌండ్రీలు అచ్చులు పోయడం మొదలుపెట్టాయి. వాటిలో పెద్ద పేరు పెన్సిల్వేనియాలోని ఈరీ పట్టణంలో 1865లో మొదలైన గ్రిస్‌వోల్డ్ కంపెనీది. ఆ ఈరీ కార్ఖానా 1957లో మూతపడింది, అందుకే దాని సామాన్లకి అంత గిరాకీ.

ముందు ఏది కొనాలో తేల్చుకోండి

అన్నీ ఒకేసారి పోగుచేయాలనుకుంటే డబ్బూ పోతుంది, కన్నూ కుదరదు. గ్రిస్‌వోల్డ్ గొర్రెపిల్లతో మొదలుపెట్టండి. దాని నంబరు 866, రెండు ముక్కల పాటర్న్ నంబర్లు (ఒక్కో ముక్క మీద పోతలోనే ఉండే నంబర్లు) 921, 922. ఇదే ఎక్కువగా దొరుకుతుంది, ధర కూడా మిగతావాటి కంటే అందుబాటులో ఉంటుంది. తర్వాత కుందేలు, 862, దాని ముక్కలు 943, 944. శాంటా క్లాజ్ అచ్చు (897, 898) జంతువు కాకపోయినా సేకరించేవాళ్ళు ఈ రెంటి పక్కనే పెడతారు, ధర మాత్రం గుండె గుభేలుమనిపిస్తుంది. ఈ నంబర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఎందుకంటే 921కి జోడీ 922 మాత్రమే, వేరే అచ్చు వీపు ముక్క తెచ్చి జోడించి అమ్మేవాళ్ళు ఉన్నారు.

సంతల సంగతికొస్తే, మసాచుసెట్స్‌లో ఉండేవాళ్ళకి బ్రిమ్‌ఫీల్డ్‌లో మే, జులై, సెప్టెంబరు నెలల్లో పెద్ద సంత జరుగుతుంది. హ్యూస్టన్, ఆస్టిన్‌లలో ఉన్న మనవాళ్ళకైతే ఆ రెంటి మధ్యే రౌండ్ టాప్ ఊరి సంత ఉంది. ఊళ్ళలో ఇంటి సామాన్లు అమ్మేసే ఎస్టేట్ సేల్స్ ఇంకా మంచివి, అచ్చు ఎవరి వంటింట్లో ఎలా బతికిందో అక్కడ అడిగి తెలుసుకోవచ్చు.

చేతిలోకి తీసుకుని చూడండి

అసలు పనంతా ఇక్కడే. తుప్పు చూసి వెనక్కి తగ్గొద్దు, తుప్పు పోతుంది. నల్లగా నిగనిగలాడుతోందని మురిసిపోవద్దు కూడా, నల్ల రంగు పూసి పగుళ్ళు దాచడం చాలా తేలిక.

ముందు లోపలి భాగాన్ని వేలితో తడమండి. పాత పోత సన్నటి ఇసుకలో చేసినది, ముట్టుకుంటే నున్నగా ఉంటుంది, గొర్రె కన్ను, ముక్కు, ఉన్ని చుట్ట ఒక్కొక్కటీ విడివిడిగా వేలికి తెలుస్తాయి. నకళ్ళు గరుకుగా ఉంటాయి, బొమ్మ మొహం అరిగిపోయినట్టు మొద్దుగా ఉంటుంది. కారణం ఏమిటంటే, నకలు చేసేవాడు పాత అచ్చునే ఇసుకలో ఒత్తి దాంట్లో ఇనుము పోస్తాడు. కరిగిన ఇనుము చల్లారేటప్పుడు దాదాపు నూటికి ఒక వంతు కుంచించుకుపోతుంది. అంటే అడుగు పొడవున్న అచ్చుకి నకలు మూడు మిల్లీమీటర్లు తక్కువ వస్తుంది. అసలు అచ్చు కొలతలు తెలిసి ఉంటే చిన్న టేపుతోనే విషయం బయటపడుతుంది. నేను టేపు లేకుండా సంతకి వెళ్ళను.

తర్వాత రెండు ముక్కలూ మూసి వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. అంచుల మధ్య సందు కనిపించకూడదు, మూస్తే కదలకుండా కూర్చోవాలి. ఒక ముక్కని తాడుకి వేలాడదీసి చెక్క గరిటెతో మెల్లగా కొట్టండి. గంటలా మోగితే మంచిది, మొద్దుగా చప్పుడైతే ఎక్కడో బీట ఉన్నట్టే. ఎర్రటి పొలుసుల మచ్చ ఉండి, ఆ చోట లోహం గుంటలు పడి ఉంటే అది ఎప్పుడో మంటల్లో పడి ఎక్కువ కాలిన అచ్చు, దాన్ని వదిలేయండి, ఎంత నూనె రాసినా పట్టదు.

చెవుల దగ్గర రెండుసార్లు చూడండి. కుందేలు చెవులుండే చోట పోత సన్నం, కిందపడితే అక్కడే విరుగుతుంది. నేను కొన్న మొదటి కుందేలుకి అలాగే జరిగింది. ఇంటికి తెచ్చి ఓవెన్‌లో పెట్టాక ఇల్లంతా ప్లాస్టిక్ కాలిన కంపు. తీసి చూస్తే చెవి దగ్గర ఎవరో జిగురుతో అతికించి, పైన నల్ల రంగు పూశారు. అమ్మినాయన ఆ మాట చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పటినుంచి చెవుల దగ్గర గోటితో గీకి చూస్తున్నాను, ఇనుము గోటికి లొంగదు, జిగురైతే తెలిసిపోతుంది.

అయస్కాంతం కూడా వెంట ఉండాలి. అల్యూమినియం గొర్రెపిల్లలూ చాలా ఉన్నాయి, వాటికి అంటుకోదు. వెండిలా మెరుస్తున్నా అయస్కాంతం అంటుకుంటే అది నికెల్ పూత వేసిన ఇనుము అయ్యుండొచ్చు.

శుభ్రం చేయడం

ఏళ్ళ తరబడి కాలిన నూనె జిడ్డు పోవడానికి కాస్టిక్ సోడా నీళ్ళు బాగా పనిచేస్తాయి. చేతులకి రబ్బరు గ్లౌజులు, కళ్ళకి అద్దాలు తప్పనిసరి, పిల్లలు అటు రాకుండా చూసుకోవాలి. ప్లాస్టిక్ తొట్టిలో ముందు చన్నీళ్ళు పోసి వాటిలో సోడా కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్ళు పోస్తే ఎగజిమ్ముతుంది. అల్యూమినియం అచ్చుని పొరపాటున కూడా ఈ నీళ్ళలో ముంచకండి, లోహాన్నే తినేస్తుంది. ఇనుప అచ్చుని కొన్ని రోజులు నానబెట్టి, తీసి కడిగి, బ్రష్‌తో రుద్దితే కొత్తగా పోసినప్పటి బూడిద రంగు బయటికొస్తుంది.

సోడాకి తుప్పు పోదు. దానికి వెనిగర్, నీళ్ళు సమానంగా కలిపి ముంచి, అరగంటకోసారి తీసి రుద్దుతూ ఉండాలి. రాత్రంతా వదిలేసి పడుకుంటే ఇనుమే కరిగి, మీరు డబ్బు పెట్టి కొన్న ఆ ఉన్ని చుట్టలు అరిగిపోతాయి. ఇసుక జెట్‌తో కొట్టించడం, గ్రైండర్ పెట్టడం వద్దేవద్దు, ఆ పని చేస్తే అచ్చు విలువ సగానికి పైగా పోయినట్టే. నికెల్ పూత ఉన్నవాటికి సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు.

చిన్న చిన్న గుంటలున్న పళ్ళేల్లాంటి అచ్చులు కొంటే మాత్రం ఇంకో జాగ్రత్త. వాటిలో సీసం కరిగించి పోసుకున్నవాళ్ళు ఉన్నారు. హార్డ్‌వేర్ షాపుల్లో సీసం పరీక్షించే కిట్ దొరుకుతుంది, అది వాడకుండా వాటిలో తినేది ఏదీ వండకండి.

నూనె పట్టించడం

ఇది మనకి కొత్త కాదు, దోసెల పెనం వాడకానికి తెచ్చే పద్ధతే. బాగా ఆరబెట్టిన అచ్చుకి నూనె రాసి, రాసిందంతా తుడిచేయాలి, అసలు రాయనేలేదేమో అన్నంత పల్చగా. తర్వాత 230 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఓవెన్‌లో బోర్లించి ఉంచి, అందులోనే చల్లారనివ్వాలి. ఇలా మూడు నాలుగు సార్లు. ఉన్ని చుట్టల సందుల్లో నూనె నిలవకుండా చూసుకోండి, నిలిస్తే బంకగా మారి కేకు అక్కడే పట్టుకుంటుంది.

ఒక్కసారైనా కేకు చేయండి

అద్దాల బీరువాలో పెట్టుకోవడానికే కొనేవాళ్ళున్నారు, నాకైతే మనసొప్పదు. దిట్టమైన పౌండ్ కేకు పిండి కలపండి, మెత్తటి స్పాంజ్ కేకైతే తల నిలవదు. రెండు ముక్కలకీ బ్రష్‌తో వెన్న, పైన మైదా, చెవుల లోపలికి కూడా పట్టించాలి. మొహం ఉన్న ముక్కని కింద పెట్టి నిండా పిండి పోసి, చెవుల్లో టూత్‌పిక్కులు, మెడలో ఒక చెక్క పుల్ల పడుకోబెట్టి, వీపు ముక్క మూసి దారంతో కట్టేయండి. 175 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు గంట. తీశాక పావుగంట ఆగి వీపు ముక్క ఎత్తాలి, పూర్తిగా చల్లారేదాకా గొర్రెపిల్లని నిలబెట్టకూడదు. తినేవాళ్ళకి పుల్లల సంగతి ముందే చెప్పండి. కడిగాక సన్నటి సెగ మీద తడి ఆరబెట్టి, రెండు ముక్కల మధ్య కాగితం పెట్టి, పూర్తిగా మూయకుండా అరలో ఉంచండి.

మా ఇంట్లో మొన్న ఈస్టర్‌కి చేసిన గొర్రెపిల్ల ఎడమ చెవి అచ్చులోనే ఉండిపోయింది. మా అమ్మాయి ఆ చెవి తీసి నోట్లో వేసుకుని, ఇంకా ఉందా అని అచ్చులోకి తొంగి చూసింది.