ఉజ్జీవ కూడికలో సాక్ష్యం ఎలా చెప్పాలి?

ప్రసంగీకుడు చెప్పిన మూడు అంశాలు మరునాటికి ఎవరికీ గుర్తుండవు గాని, అంతకుముందు లేచి నిలబడి ప్రభువు తన జీవితాన్ని ఎలా మార్చాడో తమ ఊరివాడే చెప్పిన నాలుగు మాటలు, అంటే సాక్ష్యం, మాత్రం నెలల తరబడి ఇళ్లలో నలుగుతాయి. ఉజ్జీవం, అంటే విశ్వాసం మళ్లీ రగులుకోవడం, ఒక పేట నుండి మరొక పేటకు పాకేది ఆ మాటల మీదనే. అటువంటి సాక్ష్యాన్ని పాటకూ ప్రసంగానికీ మధ్య ఖాళీని పూరించడానికి వాడుకోవడం చూసినప్పుడల్లా, ఇరవై ఏళ్లుగా సాక్ష్యం చెప్పేవారిని సిద్ధపరుస్తున్న నాకు విసుగు కలుగుతుంది.

కావలసినవి నోటుపుస్తకం, కలం, బైబిలు, గడియారం. ఫోనులో రాసుకోరాదు. పేజీని మూడు భాగాలు చేసి పాత జీవితం, ప్రభువును ఎరిగిన సందర్భం, ఆ తర్వాతి మార్పు అని వరుసగా రాయండి. అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయంలో అగ్రిప్ప రాజు ఎదుట పౌలు చెప్పుకొన్న క్రమం ఇదే. మొత్తం ఏడు నిమిషాలు మించరాదు. ఎనిమిదో నిమిషం నుండి అది ప్రసంగమవుతుంది, దానికి వేరే మనిషిని పిలిచారు.

అసలు చిక్కు పాత జీవితం దగ్గర ఉంది. దానికి ఒకటిన్నర నిమిషం చాలు. తాగుడు, జూదం, కొట్లాటలు వర్ణించడంలో రుచి మరిగినవారు ప్రభువును ఎరిగి రక్షణ పొందిన సంగతికి వచ్చేసరికి సమయం అయిపోతుంది. సాధారణంగా బ్రతికినవారు ఇంకొక పొరపాటు చేస్తారు: తమ కథ చప్పగా ఉందనుకొని దానికి కారం దట్టిస్తారు. ఒక కూడికలో ఒక యువకుడు తాను ఒకప్పుడు పేరుమోసిన రౌడీనని చెప్పుకుంటుండగా, వెనుక వరుసలో కూర్చున్న అతని మేనమామ నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ ఊరిలో మిగిలినది ఆ నవ్వు ఒక్కటే. కాబట్టి రాసినదాన్ని మీ చిన్ననాటి నుండి మిమ్మల్ని ఎరిగిన ఒకరికి, వీలైతే విశ్వాసి కానివారికి, ముందుగా చదివి వినిపించండి. వారు కాదన్న వాక్యాన్ని నిర్దాక్షిణ్యంగా కొట్టివేయండి.

మీ తప్పులు చెప్పుకోవచ్చు గాని ఇతరుల తప్పులు చెప్పే అధికారం మీకు లేదు. భర్త తాగుడునో అత్తగారి ఆరళ్లనో వేదికపై వివరిస్తే, మీరు పొందిన విడుదల ఎవరికీ వినిపించదు, వారి పరువు పోయిన సంగతే ఊరంతా తిరుగుతుంది. స్వస్థత గురించి చెప్పేవారు వైద్యుడు చెప్పినది చెప్పినట్లే చెప్పాలి. మందులు మానేశానని గొప్పగా చెప్పడం వింటున్న మరొక రోగి ప్రాణం మీదికి తేవచ్చు. మీ బంధువులు నేటికీ మొక్కే దేవుళ్లను ఎగతాళి చేయరాదు. యోహాను 9వ అధ్యాయంలోని పుట్టు గ్రుడ్డివాడు యూదుల మతపెద్దలైన పరిసయ్యులతో వాదానికి దిగక ముందు, తాను ఎరిగినది ఒక్కటే చెప్పాడు: ఒకప్పుడు చూపు లేదు, ఇప్పుడు ఉంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, సాక్ష్యం నడిచేది బంధుత్వాల దారిలో. 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య తోలుపని చేసే మాదిగ; ఆయన మాట ఒంగోలు చుట్టుపక్కల పల్లెలలో నిలిచింది ఆయనను ఎరిగిన సొంతవారి మధ్యనే. 1867 జనవరిలో ఎనిమిది మందితో ఏర్పడిన ఒంగోలు బాప్టిస్టు సంఘం, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందేంతగా పెరిగింది. ఈ అంకెను ఉత్సాహంగా చెప్పేవారు 1876-78 కరువు సంగతి దాటవేస్తారు. అక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో కొంత భాగాన్ని గుత్తకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు గాని, కూటి కోసం చేరుతున్నారేమోనన్న జంకుతో ఆ సహాయం సాగినంతకాలం బాప్తిస్మం ఇవ్వలేదు. నేనూ అదే అనుసరించి, రక్షించబడి ఆరు నెలలు నిండనివారిని వేదిక ఎక్కనివ్వను. మరునాడే మైకు ఇచ్చే పాస్టర్లకు నాపై కోపం ఉన్నదని తెలుసు. వెనుక కీబోర్డు మెల్లగా మ్రోగుతుండగా తీసిన వీడియో సాక్ష్యాలపై కూడా నాకు నమ్మకం లేదు. ఆ మనిషి ఏ ఊరివాడో, ఇంటి దగ్గర ఎలా ఉంటాడో చూసేవారికి తెలియదు.

పొడవు లేనిదే బలం రాదనుకునేవారు వేల్స్ దేశపు సంగతి వినాలి. 1904 ఫిబ్రవరిలో న్యూ కీ అనే ఊరి యువజన కూడికలో ఫ్లోరీ ఎవాన్స్ అనే అమ్మాయి లేచి, తన హృదయమంతటితో ప్రభువైన యేసును ప్రేమిస్తున్నానని మాత్రమే చెప్పి కూర్చుంది. ఆ దేశపు ఉజ్జీవ చరిత్రకారులు చాలామంది తమ కథను ఆ ఒక్క వాక్యం నుండి మొదలుపెడతారు.

కూడిక రోజున చేయవలసినది తక్కువ. కాగితం ఇంట్లో వదిలి రండి. బైబిలు గ్రాంథికాన్ని అనుకరించక మీ ఇంటి యాసలోనే మాట్లాడండి, మూడవ భాగంలో ఒక పేరు పెట్టదగిన మార్పు చెప్పండి: తీర్చిన అప్పు, మాట కలిపిన తమ్ముడు. ముగించగానే కూర్చోండి. యోహాను 4వ అధ్యాయంలో యేసును బావి దగ్గర కలిసిన సమరయ స్త్రీ మాట విని వచ్చిన ఊరివారు చివరకు, ఆమె చెప్పినందుకు కాక తామే విని నమ్ముతున్నామన్నారు. మీరు అడ్డు తొలగితేనే వినేవారు అంతదూరం వెళ్లగలరు. అయితే ప్రార్థన కాగానే ఇంటికి బయలుదేరవద్దు. చెప్పులు విడిచిన చోట పావుగంట నిలబడండి. అందరి ఎదుట అడగలేనివారు అక్కడికే వస్తారు.