టక్ టక్ అంటున్న హార్డ్ డిస్క్: మూత విప్పే ముందు

నల్గొండ, మిర్యాలగూడ ఫోటో స్టూడియోల్లో ఏళ్ల పెండ్లి వీడియోలు ఒకట్రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుల్లోనే ఉంటాయి. అది పనిచేయకపోతే వెంటనే స్క్రూడ్రైవర్ అందుకోవద్దు. మన చేతనయ్యే రిపేర్లన్నీ మూత బయటే ఉన్నాయి.

చడీచప్పుడు లేదు, తిరగడమే లేదు

ముందు కేబుల్ మార్చండి. చిన్న 2.5 అంగుళాల డిస్కు యూఎస్‌బీ ఇచ్చే 5 వోల్టులతోనే నడవాలి. సీపీయూ ముందువైపు పోర్టులో కరెంటు చాలకపోవచ్చు, వెనుక పోర్టులో పెట్టి చూడండి. 3.5 అంగుళాల దానికి 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. పిన్ను సరిపోయింది కదా అని 19 వోల్టుల ల్యాప్‌టాప్ చార్జర్ పెడితే డిస్కు సర్క్యూట్ బోర్డు కాలుతుంది.

ఎండాకాలం గాలివానకు వోల్టేజీ ఎగిరిపడ్డాక డిస్కు మూగబోతే బోర్డు మీద అనుమానపడాలి. పవర్ కనెక్టర్ పక్కన టీవీఎస్ డయోడ్లు ఉంటాయి. ఎక్కువ వోల్టేజీ వస్తే అవే షార్ట్ అయి మిగతా బోర్డును కాపాడతాయి. కరెంటు తీసేసి మల్టీమీటర్‌తో చూడండి. షార్ట్ అయినదాన్ని తీసేస్తే డిస్కు మళ్లీ తిరగొచ్చు. కానీ ఇక దానికి రక్షణ లేదు కాబట్టి మంచి ఎస్‌ఎంపీఎస్‌కు (కంప్యూటర్ పవర్ సప్లైకి) కలిపి డేటా కాపీ చేసుకొని, డిస్కును పక్కన పెట్టేయండి.

బోర్డే మార్చాల్సి వస్తే, దాని మీది నంబరు కలిసినంత మాత్రాన సరిపోదు. చాలా డిస్కుల్లో ఎనిమిది కాళ్ల చిన్న రోమ్ చిప్ ఉంటుంది. ఆ ఒక్క డిస్కుకే సరిపడే కొలతలు అందులో రాసి ఉంటాయి. పాత బోర్డు నుంచి దాన్ని ఊడదీసి కొత్తదానికి అతికించాలి. హాట్ ఎయిర్‌తో మొబైల్ బోర్డులు చేసే మంచి మెకానిక్ ఈ పని చేయగలడు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీకి (చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు) బోర్డు కోసం వెళ్తే పాతది వెంట తీసుకెళ్లండి, పారేయొద్దు.

తిరుగుతోంది, కాపీ మాత్రం ముందుకు సాగదు

ఇవి బ్యాడ్ సెక్టార్లు, అంటే డిస్కు మీద చదవలేని చోట్లు. విండోస్ ఫార్మాట్ చేయాలా అని అడిగితే వద్దనండి, విండోస్‌లోని డిస్కు రిపేర్ టూల్ చెక్‌డిస్క్ నడపకండి. లినక్స్‌లో పాడైన డిస్కును కాపీ చేసే జీఎన్‌యూ డీడీరెస్క్యూ ప్రోగ్రామ్‌తో, ఎంతవరకు కాపీ అయిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పెట్టుకొని, అంతకన్నా పెద్ద డిస్కులోకి మొత్తం దించండి. అది సులువుగా చదవగలిగినవి ముందు తీసుకొని, మొండి భాగాల దగ్గరికి తర్వాత వస్తుంది.

టక్ టక్, లేదా సన్నటి బీప్

టక్ టక్ అంటే చాలావరకు డేటా చదివే హెడ్ దెబ్బతిన్నట్టు. బీప్ అంటే హెడ్, డేటా ఉండే గుండ్రటి పళ్లానికి అతుక్కుందనో, మోటారు బిగుసుకుందనో. వెంటనే కరెంటు తీసేయండి. "ఇంకొక్కసారి చూద్దాం" అని పెట్టిన ప్రతిసారీ పళ్లెం మీద గీత పడొచ్చు. పడితే అక్కడి డేటాను ఎవరూ తేలేరు.

నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరిగే పళ్లెం మీద హెడ్ కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే తేలుతుంది. మన తల వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు. రైస్ మిల్లుల దుమ్ము, జిన్నింగ్ మిల్లుల పత్తి నూగు ఎగిరే ఊళ్లలో తలుపేసి ఏసీ వేస్తే గాలి శుభ్రం కాదు. ల్యాబ్‌ల క్లాస్ 100 గదిలో ఘనపు అడుగు గాలికి అర మైక్రాన్ (500 నానోమీటర్లు), అంతకు మించిన రేణువులు వంద దాటకూడదు. మూత మీది చిన్న గాలి రంధ్రానికి టేపు కూడా వేయకండి. ఫ్రీజర్‌లో పెట్టే చిట్కా మరీ ప్రమాదం, బయటికి తీయగానే పళ్లెం మీద చెమ్మ పడుతుంది.

లోపల ఎలా ఉంటుందో చూడాలని ఉంటే పనికిరాని డిస్కు మీద నేర్చుకోండి. నక్షత్రం ఆకారపు టార్క్స్ బిట్లు కావాలి, ఒక స్క్రూ సాధారణంగా లేబుల్ కింద దాగి ఉంటుంది.

నీళ్లలో తడిసింది

కరెంటు పెట్టొద్దు. ఎండలో, బియ్యంలో ఆరబెట్టొద్దు, ఆరితే మురికి పళ్లానికి అంటుకుపోతుంది. తడిగానే గాలి చొరని కవరులో మూసి ల్యాబ్‌కు చేర్చండి.

ఏ ల్యాబ్‌కు ఇచ్చినా మూత ఎక్కడ తీస్తారో చూపించమని అడగండి. డబ్బు కట్టే ముందు దొరికిన ఫైళ్ల జాబితా చూడండి. ముందే ఎవరైనా మూత తీసి ఉంటే ఆ మాట దాచకుండా చెప్పండి, వాళ్లు కరెంటు పెట్టే ముందు పళ్లాన్ని శుభ్రం చేసుకుంటారు.