బార్‌లో కస్టమర్ నలుగురి ముందు గొడవకి దిగితే ఎలా సర్దాలి?

శనివారం రాత్రి తొమ్మిదిన్నర. హాల్ నిండా జనం. ఏడో టేబుల్ దగ్గర ఒకాయన గ్లాసు పైకెత్తి, "ఏందన్నా ఇది, మందా నీళ్లా?" అని గట్టిగా అడిగాడు. పక్క టేబుళ్ల వాళ్లు మాటలాపి అటు చూశారు. వెంటనే తమ గ్లాసుల వైపు కూడా చూసుకున్నారు. అసలు టెన్షన్ అక్కడుంది. మీరు జవాబు చెప్పేది ఒకాయనకే అయినా, వినేది హాలంతా.

హైదరాబాద్‌లో ఒక బార్ కౌంటర్ వెనక కొన్నేళ్లు నిలబడి నేర్చుకున్నవి ఇవి.

1. గొడవ రాకముందే కొలత సరిచేసుకోండి

బార్‌లో వచ్చే అనుమానాల్లో పెద్దది పెగ్గు మీదే. తూనికలు, కొలతల శాఖ ముద్ర ఉన్న 30, 60 మి.లీ. కొలతలు కౌంటర్ మీద అందరికీ కనిపించేలా పెట్టండి. "చేతి అంచనా నాకు కరెక్టే" అనే బార్‌మ్యాన్‌ని నమ్మొద్దు, ఎంత సీనియర్ అయినా సరే.

లెక్క కూడా రోజూ చూసుకోవాలి. ఫుల్ బాటిల్ 750 మి.లీ. అంటే 60 మి.లీ. పెగ్గులు పన్నెండున్నర. మా దగ్గర ఒక నెలలో బాటిల్‌కి పద్నాలుగు పెగ్గులు అమ్మినట్టు తేలింది. ఆ మిగులు ఎవరి జేబులోకి వెళ్లిందో కనుక్కోవడానికి వారం పట్టింది. అప్పటిదాకా "తక్కువ పోస్తున్నారు" అన్న ప్రతి కస్టమర్‌తోనూ నేను వాదించాను. వాళ్లు చెప్పిందే నిజం.

క్వార్టర్, హాఫ్ అడిగితే సీల్ ఉన్న బాటిలే టేబుల్ దగ్గరికి తెచ్చి, మూత మీద ఎక్సైజ్ హోలోగ్రామ్ చూపించి, వాళ్ల ఎదుటే తెరవండి. సగం అనుమానాలు అక్కడే పోతాయి.

2. అరుపు వినగానే మీరే వెళ్లండి

వెయిటర్‌ని ముందుకు తోయొద్దు. అతన్ని అందరి ముందు తిట్టొద్దు కూడా. కస్టమర్‌ని మెప్పించడానికి చాలామంది ఓనర్లు చేసే పని ఇది. ఆ కుర్రాడు మర్నాటి నుంచి పనికి రాడు, వచ్చినా మనసు పెట్టి చేయడు.

టేబుల్ పక్కకి వెళ్లి కొంచెం వంగి, మెల్లగా "చెప్పండి సార్, ఏమైంది?" అనండి. ఆయన చెప్పింది పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడొద్దు. మీ గొంతు తగ్గితే ఆయన గొంతు కూడా చాలాసార్లు తగ్గుతుంది.

తర్వాత కొలతా బాటిలూ తెప్పించి ఆయన ముందే కొత్త పెగ్గు పోయించండి. దానికి బిల్లు వేయొద్దు. అరవై మి.లీ. పోతే పోయింది, పక్క టేబుల్ వాళ్లు రెండో రౌండ్ ఆర్డర్ ఇస్తారు. ఐస్ ఎక్కువైతే మందు పలచనవుతుంది. అదే కారణమైతే నవ్వుతూ చెప్పండి, పాఠం చెప్తున్నట్టు మాత్రం వద్దు.

"మీకు ఎక్కువైంది సార్" అన్న మాట ఎప్పుడూ నోటెంట రాకూడదు. నిజంగానే ఎక్కువైతే ఆయనతో మాట్లాడి లాభం లేదు. ప్రతి గ్యాంగ్‌లోనూ తక్కువ తాగినవాడు ఒకడుంటాడు, అతన్ని పక్కకి పిలిచి "అన్నా, కొంచెం చూస్కో" అంటే చాలు. బండి తాళాలు ఎవరి దగ్గరున్నాయో కూడా అప్పుడే అడగండి. 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే డ్రంకెన్ డ్రైవ్ కేసే. క్యాబ్ పిలిపించండి. బూతులు తిట్టినా, సిబ్బంది మీద చేయి వేసినా మాత్రం బిల్లు చేతికిచ్చి పంపేయండి. అక్కడ మర్యాద అక్కర్లేదు.

3. బిల్లు దగ్గర తప్పు మీదైతే వాదించొద్దు

మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. మామూలు రెస్టారెంట్ బార్‌లో తిండి మీద 5 శాతం పడుతుంది. రెండూ కలిపి మొత్తం మీద జీఎస్టీ కొట్టారంటే కస్టమర్ అరవడం న్యాయమే. సర్వీస్ చార్జ్ కూడా అడగకుండా బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలైలో మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఈ సంగతి తెలిసిన కస్టమర్ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసేదాకా తెచ్చుకోవద్దు. బిల్లులో తప్పుగా పడ్డది తీసేసి కొత్త బిల్లు ఇవ్వండి.

4. గూగుల్‌లో ఒక్క స్టార్ వస్తే

చదివిన వెంటనే జవాబు రాయొద్దు, ముఖ్యంగా రాత్రి క్లోజింగ్ తర్వాత. పొద్దున ఆ రోజు బిల్లులు, సీసీ కెమెరా ఫుటేజ్ చూసి, ఆ టేబుల్ చూసిన కెప్టెన్‌ని (వెయిటర్లకి పెద్ద) అడిగి అప్పుడు రాయండి. నేనొకసారి కోపంలో "ఫ్రీ స్టఫ్ నాలుగుసార్లు అడిగి, మళ్లీ మాకే పేరు పెడతారా" అని రాశాను. ఆ రివ్యూని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదేమో, నా జవాబుని మాత్రం స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పారు.

ఇలా రాస్తే సరిపోతుంది:

"శనివారం మీ ఆర్డర్ నలభై నిమిషాలు ఆలస్యమైంది, నిజమే. ఆ రోజు కిచెన్‌లో ఇద్దరు తక్కువున్నారు, అయినా ముందే మీకు చెప్పాల్సింది. క్షమించండి. ఈసారి వస్తే కౌంటర్‌లో నన్ను అడగండి."

కస్టమర్ పేరు, ఫోన్ నంబర్, ఎవరితో వచ్చారు, ఎంత తాగారు అన్నవి జవాబులో రాయొద్దు. బార్‌కి వచ్చిన సంగతి ఇంట్లో చెప్పనివాళ్లు చాలామంది ఉంటారు. రివ్యూ తీసేస్తే డిస్కౌంట్ ఇస్తామని కూడా అడగొద్దు, అది గూగుల్ నిబంధనలకి విరుద్ధం. అసలు మీ బార్‌కే రాని మనిషి రాశాడని అనుమానముంటే రిపోర్ట్ కొట్టండి. దాన్ని తీసేయాలా వద్దా అన్నది గూగుల్ చేతిలో ఉంటుంది కాబట్టి, ఈలోపు "ఆ తేదీన ఈ బిల్లు మా రికార్డులో కనిపించలేదు, వివరాలిస్తే చూస్తాం" అని రెండు ముక్కలు రాసి వదిలేయండి.

కౌంటర్‌లో ఒక నోట్‌బుక్ పెట్టి తేదీ, టేబుల్ నంబర్, ఫిర్యాదు, మీరేం చేశారో రాయండి. చిల్లీ చికెన్ చల్లగా వచ్చిందని నెలలో ఆరుసార్లు కనిపిస్తే, వెళ్లి మాట్లాడాల్సింది వంట మాస్టర్‌తో.