ఇల్లు లేని పిల్లలు బడి మానకుండా: మా క్లబ్బు పనిచేసే తీరు

మా క్లబ్బులో సేవా కార్యక్రమాల బాధ్యత నా చేతికొచ్చి తొమ్మిదేళ్లయింది. మొదటి ఏడు ఒక బడిలో వేదిక కట్టి, బ్యానర్ పెట్టి, ఉండటానికి ఇల్లు లేని ఇరవై ఇద్దరు పిల్లల్ని పేరుపేరునా పైకి పిలిచి, క్లబ్బు గుర్తు అచ్చేసిన నీలం సంచులు ఇచ్చాం. ఫొటోలు దిగాం. వారం తర్వాత వేరే పని మీద ఆ బడికి వెళ్తే, తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు పాత సంచే భుజాన వేసుకుని కనిపించాడు. తెగిన పట్టీని పురికొసతో ముడేసుకున్నాడు. కొత్త సంచి ఏమైంది నాన్నా అని అడిగాను. తలెత్తకుండా, "అది తెస్తే అందరికీ తెలిసిపోతుంది మేడమ్" అన్నాడు.

ఆ రోజుతో మా పద్ధతి మారింది. రోటరీ అయినా, లయన్స్ అయినా, పదిమంది స్నేహితుల సంఘమైనా, ఈ పని కొత్తగా ఎత్తుకునేవాళ్ల కోసం మేం చేసేది చేసినట్టు రాస్తున్నాను.

ముందుగా, ఎవరి కోసం చేస్తున్నామో క్లబ్బులో అందరికీ స్పష్టంగా తెలియాలి. రోడ్డు పక్కన పడుకునే పిల్లలు కళ్లకు కనిపిస్తారు. బంధువుల ఇంట్లో హాల్లో ఓ మూల చాప వేసుకుని, ఎప్పుడు వెళ్లిపొమ్మంటారో అని బిక్కుబిక్కుమంటూ ఉండేవాళ్లు కనిపించరు. కట్టే భవనాల దగ్గర టార్పాలిన్ కింద, షెల్టర్లో, వారం అద్దె గదుల్లో, బండిలో రాత్రులు గడిపేవాళ్లూ కనిపించరు. అమెరికాలో 1987లో వచ్చిన మెకిన్నీ-వెంటో చట్టం చదివాక నాకు ఈ లెక్క అర్థమైంది. రాత్రి తలదాచుకోవడానికి స్థిరంగా, రోజూ, సరిపడా ఉండే చోటు లేని పిల్లలందర్నీ ఆ చట్టం ఇల్లు లేనివాళ్లుగానే చూస్తుంది. గతిలేక మరొకరి ఇంట్లో సర్దుకుంటున్నవాళ్లు కూడా అందులోకే వస్తారు. కాగితాలు చేతిలో లేకపోయినా వెంటనే బడిలో చేర్చుకోవాలని, మకాం మారినా ఆ పిల్లకు మేలైతే పాత బడిలోనే చదవనివ్వాలని కూడా అందులో ఉంది. మన విద్యాహక్కు చట్టం, 2009లో సెక్షన్ 14 కూడా వయసు రుజువు లేదన్న కారణంతో ఎవరినీ కాదనకూడదంటుంది. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకుండా ఆపకూడదని సెక్షన్ 5లో ఉంది. ఎనిమిదో తరగతి దాకా ఇది వర్తిస్తుంది. ఒకసారి ఒక బడివాళ్లు టీసీ లేదని ఆరో తరగతి పిల్లను రెండుసార్లు తిప్పి పంపితే, ఆ పేజీ ప్రింటు తీసుకుని వాళ్ల నాన్నతో కలిసి వెళ్లాను. గొడవేమీ పడలేదు, చదివి వినిపించానంతే. మధ్యాహ్నానికి ఆ పిల్ల తరగతిలో కూర్చుంది. ఆ ప్రింటు ఇప్పటికీ నా సంచిలోనే ఉంటుంది.

పిల్లల్ని వెతికే పని క్లబ్బుది కాదు, బడిది. మొదటి గంటలోనే నిద్రలోకి జారే పిల్లవాణ్ని, వానాకాలంలో నోటుపుస్తకాలన్నీ తడిసి అట్టల్లా అయిన పిల్లను, ఆఖరి గంట కొట్టాక కూడా గేటు దగ్గరే తచ్చాడేవాణ్ని టీచర్లు రోజూ చూస్తారు. కాబట్టి బడిలో ఒక్క మనిషితో మాట్లాడుకోండి. హెడ్ మాస్టరే కానక్కర్లేదు. పిల్లలు ఎవరి దగ్గర నోరు విప్పుతారో ఆ టీచరే కావాలి, పీఈటీ సార్ అయినా సరే. మేం పేర్లు అడగం. మాకొచ్చే చీటీలో "8వ తరగతి, అమ్మాయి, బూట్లు సైజు 4, బస్ పాస్" అని మాత్రమే ఉంటుంది. సామాన్లు టీచర్ చేతికే ఇస్తాం. ఎవరికి చేరాయో మాకు తెలియదు. దాతలు తప్పకుండా అడుగుతారు, ఆ పిల్లల్ని ఒకసారి చూడొచ్చా అని. చూపించలేమని మొదటి రోజే చెప్పేయండి. నొచ్చుకునేవాళ్లు ఉంటారు, కానీ చాలామంది అర్థం చేసుకుంటారు. ఫొటో అడిగితే కట్టిపెట్టిన సంచుల ఫొటో పంపండి.

సంచుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇప్పుడు మేం నాలుగైదు రంగుల్లో, ఏ గుర్తూ లేని, అందరు పిల్లలూ వాడే రకం సంచులే కొంటాం. లోపల జిప్పున్న ప్లాస్టిక్ కవరొకటి తప్పనిసరి. పుట్టిన తేదీ సర్టిఫికెట్, మార్కుల జాబితాలు, వాటి జిరాక్సులు పిల్లలు అందులో దాచుకుంటారు. మకాం మారే హడావుడిలో మొదట పోయేవి కాగితాలే. పల్చటి తువ్వాలు పెడతాం, మందపాటిది వద్దు. ఆరేయడానికి తీగ లేని చోట మందపాటి తువ్వాలు రెండు రోజులైనా ఆరదు, సంచి మొత్తం ముక్కిపోయిన వాసన వేస్తుంది. సబ్బు పెట్టెతో సహా, బ్రష్షు, దువ్వెన, లోదుస్తులు రెండు జతలు, పెద్ద అమ్మాయిలకు శానిటరీ ప్యాడ్లు, రీచార్జబుల్ టార్చి. ఒక చిన్న తాళం కూడా. మొదట్లో తాళంచెవితో వచ్చే తాళాలు ఇచ్చేవాళ్లం. నెల తిరిగేసరికి సగం చెవులు పోయాయని టీచర్ చెప్పారు, పదిమంది పడుకునే గదిలో చెవి దాచుకునే చోటెక్కడుంటుంది? ఇప్పుడు నంబర్ తిప్పి తెరిచే తాళం ఇస్తున్నాం. ఆ నంబరు తప్ప తనదంటూ ఏమీ లేని పిల్లలకు ఆ తాళం ఎంత పెద్ద విషయమో మాకు ఆ తర్వాతే తెలిసింది.

సబ్బులూ ప్యాడ్లూ మన స్థాయి పనేనా అని ఒక సభ్యుడు సమావేశంలో అడిగారు. 1905లో షికాగోలో పాల్ హారిస్ మొదలుపెట్టిన రోటరీ క్లబ్బు, తొలినాళ్లలో ఊరి కోసం చేసిన పని ఏమిటో ఆయనకు చెప్పాను. 1907లో నగరంలో పబ్లిక్ మరుగుదొడ్లు కట్టించాలని పట్టుబట్టడం. ఆయన అప్పటినుంచి సబ్బుల ఖర్చు తనే భరిస్తున్నారు.

డబ్బు తక్కువుంటే సంచులు మానేసి బస్ పాసులు కొనండి. ఇది నా గట్టి అభిప్రాయం. మకాం మారిన ప్రతిసారీ బడి కూడా మారితే, పాఠాలు తెగిపోవడం ఒకెత్తు, తనను ఎరిగిన టీచరూ స్నేహితులూ దూరమైపోవడం ఇంకొకెత్తు. ఒకే ఏడాదిలో మూడు చోట్లకు మారిన కుటుంబంలో పదో తరగతి అమ్మాయి, రెండు బస్సులు మారి అదే బడికి వచ్చి పరీక్ష రాసింది. మేం చేసింది పాసు కొనివ్వడం, పొద్దున్నే రెండో బస్సు తప్పిపోయి ఆలస్యమైనా లోపలికి రానిచ్చేలా బడితో మాట్లాడటం, అంతే.

తర్వాతి అవసరం సాయంత్రం కూర్చునే చోటు. మా సమావేశ మందిరం వారంలో ఆరు రోజులు ఖాళీగానే ఉండేది. ఇప్పుడు సాయంత్రం 5 నుంచి 8 దాకా బడి పిల్లలందరికీ తెరుస్తున్నాం. అందరికీ అన్నది ముఖ్యం, లేకపోతే అక్కడికి వచ్చేవాళ్ల మీద ముద్ర పడుతుంది. లైటు, ఫ్యాను, తాగునీళ్లు, శుభ్రమైన బాత్రూమ్, గోడ పొడవునా చార్జింగ్ ప్లగ్గులు ఉంటే చాలు. ట్యూషన్ చెప్పాలన్న ఉత్సాహం సభ్యులకు ఉంటుంది. పిల్లలు అడిగితేనే చెప్పండి.

ఇక్కడే కొన్ని కట్టుబాట్లు రాతపూర్వకంగా ఉండాలి. ఏ సభ్యుడూ ఒంటరిగా ఏ పిల్లతోనూ ఉండకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు, తలుపు తెరిచి. సొంత ఫోన్ నుంచి పిల్లలకు మెసేజ్‌లు పంపకూడదు, బండి మీద దింపకూడదు, ఇంటికి తీసుకెళ్లకూడదు. ఎవరో కొడుతున్నారనో, ఇంకేదైనా జరుగుతోందనో పిల్ల చెబితే, ఎవరికీ చెప్పనని మాటివ్వకండి. విని, నమ్మి, అదే రోజు బడికి, పిల్లల రక్షణ చూసే అధికారులకు తెలియజేయండి. మన దేశంలో 1098కి ఫోన్ చేయొచ్చు. విద్యార్థుల క్లబ్బులు, అంటే ఇంటరాక్ట్, లియో లాంటివి, మీతో ఉంటే సంచులు సర్దడానికి పిలవండి. పంచడానికి మాత్రం వద్దు. తోటి విద్యార్థి చేత్తో సబ్బు అందుకోవడం ఏ పిల్లవాడికీ ఇష్టముండదు.

డబ్బు విషయానికొస్తే, ఊళ్లో వసూలు చేసింది సేవా ఖాతాలో, సభ్యుల చందాలు నిర్వహణ ఖాతాలో విడివిడిగా ఉంచండి. సేవా ఖాతాలోంచి కొంత మొత్తం అత్యవసరానికి పక్కన పెట్టండి. దాన్ని ఇద్దరు సంతకం చేస్తే ఒక్క రోజులో తీసేలా తీర్మానం రాసుకోండి. పరీక్ష ఫీజు కట్టే ఆఖరి తేదీ మన తర్వాతి సమావేశం కోసం ఆగదు.

రోటరీలో, లయన్స్‌లో జులై 1న అధ్యక్షులు మారతారు. కొత్తవాళ్లు తమదైన కార్యక్రమం చేయాలనుకోవడం సహజం. కానీ బడి మొదలైన నెలలోనే ఈ పని ఆగిపోతే బస్ పాసు మీద ఆశ పెట్టుకున్న పిల్ల ఏమైపోవాలి? అందుకే మా దగ్గర ఈ కమిటీకి మూడేళ్ల కాలం పెట్టుకున్నాం. ముగ్గురిలో ఏటా ఒక్కరే మారతారు. చేతిరాత నోటుపుస్తకం ఒకటి చేతులు మారుతుంది: ఏ బడిలో ఎవరితో మాట్లాడాలి, ఏ సైజు బూట్లు ఎక్కువ అడుగుతారు, బస్ పాసు కౌంటర్లో ఏ రోజు రద్దీ తక్కువ.

అన్నిటికంటే కష్టకాలం సెలవులు. బడి మూస్తే మధ్యాహ్న భోజనం, బాత్రూమ్, పగటిపూట క్షేమంగా ఉండే చోటు, మూడూ ఒక్కసారే పోతాయి. కాలేజీ పిల్లలకైతే హాస్టల్ కూడా మూసేస్తారు. సెలవులకు మూడు వారాల ముందే టీచర్‌ని చీటీలు అడుగుతాం. ఎవరికి భోజనం కావాలి, ఎవరికి చోటు కావాలి, ఎవరి దగ్గర ఫోన్ ఉంది. మందిరం సెలవుల్లో పొద్దున 9కే తెరుస్తాం. బడి తెరిచే ముందు వారం చీటీలు మళ్లీ తెప్పించుకుంటాం, ఈసారి బూట్ల సైజులతో సహా. వేసవిలో పిల్లల పాదాలు పెరిగిపోతాయి.