గ్రహ కక్ష్యను కంప్యూటర్‌తో లెక్కించడం ఎలా?

రెండు వస్తువులు మాత్రమే ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ ఉంటే వాటి మార్గాన్ని సూత్రంతో చెప్పవచ్చు. మూడోది చేరగానే, కొన్ని ప్రత్యేక సందర్భాల్లో తప్ప, ఆ సౌలభ్యం పోతుంది. అప్పుడు కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్క చివర వస్తువు ఎక్కడ ఉంటుందో, ఎంత వేగంతో కదులుతుందో లెక్కిస్తూ ముందుకు సాగాలి. పైథాన్ వంటి భాషలో ఇరవై ముప్పై వరుసల ప్రోగ్రామ్ ఇందుకు చాలు, స్ప్రెడ్‌షీట్‌లోనైనా చేయవచ్చు. అయితే కంప్యూటర్ గీసిన బొమ్మ ఎంత చక్కగా కనిపించినా, ప్రకృతి మార్చని రాశులను (మొత్తం శక్తి వంటివి) మన లెక్క కూడా మార్చడం లేదని తేలేదాకా దాన్ని నమ్మకూడదు. అందుకే జవాబు ముందే తెలిసిన సమస్యతో, అంటే సూర్యుడి చుట్టూ భూమి కదలికతో, మొదలుపెట్టడం మంచిది.

మొదటి మెట్టు: ప్రమాణాలను ఎంచుకోండి

మీటర్లు, సెకన్లు, కిలోగ్రాములు వాడితే సూర్యుడి ద్రవ్యరాశి 2 పక్కన 30 సున్నాలంత పెద్ద సంఖ్య అవుతుంది. ఇటువంటి అంకెల మధ్య పొరపాటు జరిగినా కంటికి ఆనదు. దూరాన్ని ఖగోళ ప్రమాణాల్లో (భూమికీ సూర్యుడికీ మధ్య సగటు దూరమంత, ఒక్కొక్కటి 14,95,97,870.7 కిలోమీటర్లు), కాలాన్ని సంవత్సరాల్లో, ద్రవ్యరాశిని సూర్యుడి ద్రవ్యరాశితో కొలిస్తే, కెప్లర్ మూడో నియమం ప్రకారం గురుత్వ స్థిరాంకం విలువ π (3.1416) వర్గానికి నాలుగు రెట్లు, అంటే సుమారు 39.478 అవుతుంది. భూమి వేగం సంవత్సరానికి 6.2832 ఖగోళ ప్రమాణాలు, అంటే π విలువకు రెట్టింపు. సెకనుకు సుమారు 29.8 కిలోమీటర్లన్నా ఇదే.

రెండో మెట్టు: ఆరంభ విలువలు, త్వరణం

సూర్యుణ్ని మూలబిందువు వద్ద నిలిపి, భూమి స్థానాన్ని (1, 0) గా, వేగాన్ని (0, 6.2832) గా తీసుకోండి. త్వరణంలోని ప్రతి అంశం కోసం ఆ దిశలోని నిరూపకాన్ని −39.478తో గుణించి, దూరం ఘనంతో భాగించాలి. బలం దూరం వర్గానికి విలోమంగా మారుతుంటే ఇక్కడ ఘనం ఎందుకని చాలామందికి సందేహం వస్తుంది. దిశను చూపడానికి నిరూపకాన్ని దూరంతో మరోసారి భాగించవలసి రావడమే దానికి కారణం.

మూడో మెట్టు: ముందుకు నడిపించండి

అందరికీ ముందుగా తట్టేది ఆయిలర్ పద్ధతి. పాత వేగాన్ని కాలాంతరంతో (ఒక్కో కాలపు ముక్క నిడివితో) గుణించి పాత స్థానానికి, పాత త్వరణాన్ని కాలాంతరంతో గుణించి పాత వేగానికి కలపడమే ఈ పద్ధతి. కాలాంతరం 0.01 సంవత్సరం, అంటే మూడున్నర రోజులకు కాస్త ఎక్కువ, అనుకుందాం. ఒక్క అడుగు తరువాత స్థానం (1, 0.0628), వేగం (−0.3948, 6.2832) అవుతాయి. ఇప్పుడు శక్తిని చూడండి. ప్రమాణ ద్రవ్యరాశికి శక్తి అంటే వేగ వర్గంలో సగం నుంచి, 39.478ని దూరంతో భాగించగా వచ్చినదాన్ని తీసివేయగా మిగిలేది. ఆరంభంలో అది −19.739. ఒక్క అడుగుకే −19.584కు చేరింది. స్పర్శరేఖ వెంట జరగడంతో భూమి సూర్యుడికి దూరమైంది, త్వరణం వేగానికి లంబంగా కలవడంతో వేగమూ పెరిగింది, రెండు మార్పులూ శక్తిని ఒకే వైపు నెట్టాయి. వందల అడుగుల తరువాత భూమి సర్పిలాకారంలో బయటికి వెళ్లిపోతూ కనిపిస్తుంది. కాలాంతరాన్ని తగ్గిస్తే ఈ దోషం నెమ్మదిస్తుందే కానీ పోదు.

దీనికి విరుగుడు లీప్‌ఫ్రాగ్ పద్ధతి. ముందు వేగాన్ని సగం కాలాంతరం మేరకే మార్చండి: (−0.1974, 6.2832). ఆ వేగంతో స్థానాన్ని పూర్తి కాలాంతరం మేరకు జరపండి: (0.9980, 0.0628). ఈ కొత్త చోట త్వరణాన్ని లెక్కించండి: (−39.400, −2.480). దానితో వేగంలో మిగిలిన సగం మార్పును పూర్తిచేయండి: (−0.3944, 6.2708). శక్తి నాలుగు దశాంశ స్థానాల వరకు ఏ మార్పూ లేకుండా −19.7392 దగ్గరే ఉంటుంది. చివర లెక్కించిన త్వరణమే తరువాతి అడుగు మొదట్లోనూ పనికొస్తుంది కాబట్టి శ్రమ దాదాపు ఆయిలర్ పద్ధతికి పట్టినంతే. అణువుల కదలికలను లెక్కించే వారు వాడే వెర్లే పద్ధతి కూడా మూలంలో ఇదే. 1967లో భౌతిక శాస్త్రవేత్త లూప్ వెర్లే 864 కణాల ద్రవాన్ని ఇలాగే అధ్యయనం చేశాడు.

నాలుగో మెట్టు: పరీక్షించండి

శక్తిని, కోణీయ ద్రవ్యవేగాన్ని (సూర్యుడి చుట్టూ తిరుగుడుకు కొలత, ఇదీ మారకూడదు) ప్రతి అడుగులోనూ నమోదు చేసి గ్రాఫ్ గీయండి. లీప్‌ఫ్రాగ్‌లో శక్తి కొద్దిగా ఊగినా ఒక వైపుకు జరిగిపోకూడదు, జరిగితే ప్రోగ్రామ్‌లో తప్పు ఉండే అవకాశం ఎక్కువ. శక్తి నిలకడగా ఉన్నంత మాత్రాన అంతా సరిపోయినట్టు కాదు, ఎందుకంటే గ్రహం సరైన కక్ష్యలోనే ఉంటూ ఉండవలసిన చోటుకు కాస్త ముందో వెనకో ఉండవచ్చు. దీన్ని పట్టుకోవడానికి కాలాంతరాన్ని సగం చేసి మళ్లీ నడిపించండి. స్థానంలోని దోషం సుమారు నాలుగో వంతుకు తగ్గితే పద్ధతి సరిగా పనిచేస్తున్నట్టే. చివరగా కాలాంతరానికి రుణ గుర్తు పెట్టి వెనక్కి నడిపిస్తే భూమి దాదాపు బయలుదేరిన బిందువుకే తిరిగి రావాలి.

ఐదో మెట్టు: కష్టమైన కక్ష్యను ప్రయత్నించండి

హేలీ తోకచుక్క ఉత్కేంద్రత (కక్ష్య వృత్తం నుంచి ఎంత సాగిందో చెప్పే సంఖ్య, వృత్తానికి సున్నా) సుమారు 0.967. సూర్యుడికి 0.59 ఖగోళ ప్రమాణాల దగ్గరికి వచ్చి, మళ్లీ 35 ప్రమాణాల దూరం వెళుతుంది. దూరంగా ఉన్నప్పుడు సరిపోయిన కాలాంతరం సూర్యుడి దగ్గర చాలా పెద్దదైపోతుంది, కాబట్టి అక్కడికి తగినంత చిన్న కాలాంతరాన్నే మొత్తం ప్రయాణానికీ వాడటం ఆరంభకులకు క్షేమం. మధ్యలో ఇష్టానుసారం మారుస్తూ పోతే లీప్‌ఫ్రాగ్ శక్తిని కాపాడే గుణాన్ని కోల్పోతుంది. ఈ తోకచుక్క రాకను క్లేరో, లలాండ్, నికోల్ రేన్ లెపాట్ అనే ముగ్గురు 1757-58లో గురు, శని గ్రహాల ఆకర్షణను అంచెలంచెలుగా కలుపుకుంటూ చేత్తోనే లెక్కించారు. అది 1759 ఏప్రిల్ మధ్యలో సూర్యుడికి అతి దగ్గరగా వస్తుందన్నారు, మార్చి 13నే వచ్చింది. డెబ్బై ఆరేళ్ల ప్రయాణంలో నెల రోజుల తేడా!

ఆరో మెట్టు: మరో గ్రహాన్ని చేర్చండి

గురుగ్రహాన్ని 5.2 ప్రమాణాల దూరంలో, 2.755 వేగంతో, సూర్యుడి ద్రవ్యరాశిలో 1047వ వంతు ద్రవ్యరాశితో చేర్చండి. ఇప్పుడు సూర్యుణ్ని కదలనివ్వాలి. మొత్తం ద్రవ్యవేగం సున్నా అయ్యేలా సూర్యుడికి వ్యతిరేక దిశలో తగిన వేగం ఇవ్వకపోతే వ్యవస్థంతా ఒక పక్కకు కొట్టుకుపోతుంది. ఇక్కడి నుంచి ఏ ఒక్క గ్రహం శక్తీ స్థిరంగా ఉండదు, మొత్తం వ్యవస్థ శక్తినే పరీక్షించాలి.

కోట్ల సంవత్సరాల కాలానికి వెళ్లదలిస్తే ఒక్కసారి నడిపించి జవాబు చెప్పడం కుదరదు, ఎందుకంటే ఆరంభంలోని అతి స్వల్పమైన తేడా కూడా పెరిగి పెద్దదవుతుంది. 2009లో జాక్ లాస్కర్, మికేల్ గాస్టినో అనే పరిశోధకులు బుధుడి కక్ష్యలో మిల్లీమీటర్ కంటే తక్కువ తేడాలతో 2501 ఆరంభాలను తీసుకుని, ఒక్కొక్కదాన్ని వందల కోట్ల సంవత్సరాల దాకా నడిపించారు. వాటిలో సుమారు 1 శాతంలో బుధుడి కక్ష్య బాగా సాగి, పొడవాటి దీర్ఘవృత్తంగా మారింది. మీ ప్రోగ్రామ్‌లోనూ ఆరంభ విలువలను కొద్దికొద్దిగా మారుస్తూ పలుమార్లు నడిపించి, వచ్చిన ఫలితాలన్నిటినీ ఒకే గ్రాఫ్ మీద గీయండి.